కుండీకో గుండీ

"ఈ భూప్రపంచంలో నేరం చేసి నా కళ్ళు కప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినా నా ఎదుట రెండు నిమిషాలు నిలబడలేడు," అంది వదిన, మెడలో తాడుకి వేలాడుతున్న భూతద్దం కోసం మా సోఫా దిండ్లన్నీ ఎత్తి వెతుకుతూ.

"మెడలో చూసుకో అక్కా," అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా.

వదిన భూతద్దాన్ని చీర చెంగుతో తుడుచుకుని నావైపు తిరిగింది. "చూశావుటే అమ్మాయ్. నేను అడగకుండానే వాడి నోటితో వాడిచేత చెప్పించాను. దీన్నే నేరపరిశోధన అంటారు."

వదినంటే మా ఆయన అక్కగారు. మా పై అంతస్తులోనే ఉంటుంది. బస్సు డిపోలో, పోయిన సామాన్ల కౌంటరులో పనిచేసి రిటైరయింది. బస్సుల్లో దొరికినవన్నీ కండక్టర్లు తెచ్చి ఆవిడ ముందు పడేసేవారు. పోగొట్టుకున్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడేవారు. మధ్యలో వదిన కుర్చీలో కూర్చుని ఉండేది. ఈ అమరికనే ఆవిడ 'నా సర్వీసులో కొన్నివేల గొడుగులు కనిపెట్టాను' అని చెప్పుకుంటుంది. భూతద్దం మాత్రం రిటైరయ్యాక కొన్నది, మొక్కలకి పట్టిన పిండినల్లిని చూడడానికి. ఆకుల వెనక నక్కిన తెల్లపురుగుల్ని ఒక్కొక్కదాన్నే పట్టుకున్నాక, ఇంతటి చూపుని ఆకులకే పరిమితం చెయ్యడం సమాజానికి నష్టమని ఆవిడకి తోచింది. సమాజాన్ని ఎవరూ అడగలేదు.

మొదటి కేసు క్యాషియర్ బాబాయిగారిది. బ్యాంకు వదిలి చాలాకాలమైనా ఆయన పేరు అదే. ఆయన కళ్ళజోడు పోతే వదిన వెళ్ళి ఇల్లంతా సోదా చేసింది, ఆయన భార్యని మందుల పెట్టెతో సహా ప్రశ్నించింది, చివరికి అలిసిపోయి వాలుకుర్చీలో కూలబడింది. కళ్ళజోడు అక్కడే ఉంది. ఒక అద్దం నిలిచింది. బాబాయిగారు పెద్దమనిషి, నొచ్చుకోకుండా ఫీజు కింద ఒక మొక్కని బంగారు రంగు కాగితం చుట్టి, నీలం రిబ్బను కట్టి మరీ ఇచ్చారు. నర్సరీలో వెతికి వెతికి కొన్నానని, అరుదైన విదేశీ జాతి అని చెప్పారు. వదిన దాన్ని తన బాల్కనీలో బట్టలుతికే మిషను వెనక పెట్టి, కొత్త కేసుల ధ్యాసలో పడి పూర్తిగా మర్చిపోయింది. అప్పటికే రంగు మాసి ముడుచుకుపోయిన నాలుగు ఆకులూ పండి రాలిపోయాయి. ఇప్పుడు అది మూడు కర్రలు. అయినా కాగితం విప్పలేదు, రిబ్బను తియ్యలేదు. అది ఆవిడ కీర్తి చిహ్నం.

మా అపార్టుమెంటులో మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళం నెలకో ఆదివారం డాబా మీద కలుస్తాం. ఆ నెల ఎవరింటికి ఏ కొత్త మొక్క వచ్చిందో ఒకళ్ళకొకళ్ళం చూపించుకుని, పైకి మెచ్చుకుని, లోపల కుళ్ళుకుని కిందకి దిగుతాం. డాబా మీద రెండు బల్లలుంటాయి. ఎడమ బల్ల మీద కొన్న మొక్కలు, కుడి బల్ల మీద ఎవరో ఇచ్చిన మొక్కలు. కుండీ పట్టుకుని మెట్లెక్కగానే "కొన్నదా, వచ్చినదా" అని అడుగుతారు. నిజం చెప్పాలి. ఇంట్లో మాత్రం మా అందరిదీ ఒకటే మాట. కొన్న ప్రతి మొక్కా ఇంట్లో 'ఎవరో ఇచ్చారండీ' అవుతుంది. మా ఆయన లెక్కలో నాకున్నంతమంది దాతలు ఏ అనాథాశ్రమానికీ లేరు.

ఇచ్చిన మొక్కల విషయంలో మాకు రెండు కట్టుబాట్లున్నాయి. ఇచ్చినవాళ్ళ ఇల్లు ఆ మొక్కకి పుట్టిల్లు. పుట్టింట్లో తల్లిమొక్క చచ్చిపోతే, తీసుకున్నవాళ్ళు తమ దగ్గరున్న పిల్ల నుంచి ఒక కొమ్మ తిరిగివ్వాలి. ఇది మొదటిది. ఇచ్చిన మొక్కని ఎట్టి పరిస్థితుల్లోనూ మరొకరికి దాటించకూడదు. ఇది రెండోది. దీన్ని మీరిన ఒకావిడని మేమేమీ అనలేదు, ఒక్క మాట కూడా. ఆ అనకపోవడం తట్టుకోలేక ఆవిడ మొక్కలు మానేసి అల్లికల్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం క్యాషియర్ బాబాయిగారు ముందుగా తన కొత్త కొనుగోలు చూపించారు. నోటుని చూసినట్టు ఆకుని ఎత్తి వెలుగుకి పట్టి, అసలుదేనని ధ్రువీకరించి, కుండీ చేత్తో పట్టుకునే ఎడమ బల్ల పక్కన నిలబడ్డారు. కింది అంతస్తులో క్లినిక్కు నడిపే పళ్ళ డాక్టరమ్మ ఎప్పటిలాగే బుల్లి ముళ్ళమొక్క తెచ్చింది. ఆవిడ ముళ్ళమొక్కలు తప్ప కొనదు. నీళ్ళు పొయ్యడం మర్చిపోయినా అవి ఆవిడని ఏమీ అనవు.

టైలరక్క అందరికన్నా చివర, ఉత్త చేతులతో వచ్చింది.

టైలరక్క దుకాణం క్లినిక్కు పక్కనే. కిటికీ ముందు కుట్టుమిషను, కిటికీలో ఒక బిగోనియా. ఆకు పైన ఎవరో చిలకరించినట్టు వెండి చుక్కలు, ఆకు తిప్పితే ముదురెరుపు. సూదిలో దారం ఎక్కించినప్పుడల్లా తలెత్తి దాన్ని ఒకసారి చూసి, మళ్ళీ వంచి కుట్టేది. ఆవిడకి ఇంకో అలవాటుంది. కుండీ అడుగున నీళ్ళు కారే కన్నం మీద మేమందరం పెంకు ముక్క పెడతాం, మట్టి జారకుండా. టైలరక్క పాత ఓవర్‌కోటు గుండీ పెడుతుంది. నాలుగు కన్నాలున్న పెద్ద గుండీ. నీళ్ళు పోతాయి, మట్టి ఆగుతుంది అంటుంది. ఆవిడ చెయ్యి పడితే కుండీకో గుండీ ఉండాల్సిందే.

దుకాణం గది యజమానికి కావాలట. వచ్చే ఆదివారం అన్నీ సర్దుకుని కూతురింటికి వెళ్ళిపోతోందట. ముందుగది ఇస్తామన్నారు, కిటికీ ఉంది, అక్కడే మిషను వేసుకుని కుట్టుకుంటానని చెప్పింది. తర్వాత బిగోనియా పోయిందని చెప్పింది. ఆ గది చూసి రావడానికి నాలుగురోజులు ఊరెళ్ళి వచ్చేసరికి మొదలు దాకా కుళ్ళిపోయి ఉందట.

ఆ నాలుగురోజులూ దుకాణం తాళం వదిన దగ్గరుంది.

"వృద్ధాప్యం," అంది వదిన వెంటనే. "నేను స్వయంగా పరీక్షించాను. సహజ మరణం."

అక్కడున్న మేమందరం ఒక్కసారి ఆకాశం కేసి చూశాం. వదిన దగ్గర ఒక బాల్చీ ఉంటుంది. అందులో టీ పొడి, అరటితొక్కలు, గుడ్డుపెంకులు, ఇంకా చెప్పడానికి వీల్లేనివి కొన్ని నానుతుంటాయి. ఆవిడ దాన్ని అమృతం అంటుంది. టైలరక్క లేని నాలుగురోజులూ పూటకో చెంబు చొప్పున ఆ అమృతం దుకాణంలోకి వెళ్ళడం మెట్ల మీద ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ చూశారు, చూడనివాళ్ళు ముక్కుతో తెలుసుకున్నారు.

టైలరక్క వదిన వైపు చూడలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి, "నేనిచ్చిన పిల్ల మీ దగ్గరుంది కదమ్మా. ఒక్క కొమ్మ ఇవ్వండి చాలు. ఖాళీ కిటికీ ముందు కూర్చుని నేను కుట్టలేను," అంది.

డాక్టరమ్మ మొహం, కుర్చీలో పడుకోబెట్టాక ఆవిడ రోగుల మొహంలా అయిపోయింది.

"అది... పోయింది అక్కా."

"చచ్చిపోయిందా?"

"ఉహు. పోయింది. క్లినిక్కు కిటికీలోంచి ఎవరో... ఎత్తుకుపోయారు."

వదిన కుర్చీలోంచి లేచింది. సినిమాల్లో అయితే ఇక్కడ ఉరుము ఉరుముతుంది. మాకు పక్కింటి ప్రెషరు కుక్కరు కూసింది.

"ఎవరూ కదలొద్దు."

"కుండీ బరువుగా ఉందమ్మా, కింద పెట్టుకోవచ్చా?" అన్నారు బాబాయిగారు.

"పెట్టండి. పెట్టి కదలొద్దు. ఇది దొంగతనం కాదు. కిడ్నాపు. తల్లి పోయింది, పిల్ల మాయమైంది. దీని వెనక పెద్ద చెయ్యి ఉంది." తర్వాత టైలరక్క దగ్గరికి వెళ్ళి, "ఆదివారం మీ బండి కదిలేలోగా ఆ మొక్క మీ చేతిలో ఉంటుంది. ఇది నా మాట," అంది.

ఆ మాట మాత్రం మామూలు గొంతుతోనే అంది. నాకు భయం వేసింది అప్పుడే.

ఆ సాయంత్రం వదిన మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పింది. కంచంలో పెట్టింది కెలికి వదిలేసింది. తర్వాత నావైపు చూడకుండా అడిగింది.

"ఎక్కువ పోశానంటావుటే?"

నేను గిన్నె తోమడం మొదలుపెట్టాను. అవుననడానికి నాకు ధైర్యం లేదు, కాదనడానికి నా ముక్కు ఒప్పుకోలేదు.

"సరేలే," అంది వదిన. "పిల్లనైనా వెతికి పెట్టాలి."

మర్నాడు పొద్దున్నే నేరస్థలానికి బయల్దేరాం. నేను అసిస్టెంటునట. నా పని గొడుగు మోయడం. ఎండా లేదు వానా లేదు, పైగా మెట్లు దిగితే క్లినిక్కు. డిటెక్టివు చేతిలో ఏదో ఒకటి ఉండాలి, ఆ ఏదో ఒకటి మోయడానికి ఇంకో మనిషి ఉండాలి అంది.

క్లినిక్కు వెయిటింగు గదిలో కిటికీ అరుగు మీద వదిన భూతద్దం పెట్టి అంగుళం అంగుళం పరిశీలించింది. నేల మీద మట్టి అంటిన చెప్పు జాడ ఒకటి కనిపించింది. "ఆడమనిషి. పొట్టి. కాస్త కుడివైపు ఒరిగి నడుస్తుంది. మడమ అరిగిన చెప్పు. తొందరపాటు మనిషి," అని గడగడా చెప్పింది. నేను వదిన కాళ్ళ వైపు చూశాను. ఆవిడ కూడా చూసుకుంది. ఆ జాడని చీర కుచ్చెళ్ళతో కప్పేసి పక్కకి జరిగింది.

మూలన బెంచీ మీద ఒకాయన చెంప పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే మొద్దుబారే సూది వేయించుకుని, నోటినిండా దూదితో, పిలుపు కోసం చూస్తున్నాడు. వదిన వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"మీరు ఇక్కడికి తరచూ వస్తుంటారా?"

ఆయన ఏదో అన్నాడు. అందులో అచ్చులు తప్ప హల్లులు లేవు.

"ఈ కిటికీలో ఉన్న మొక్క ఎవరు తీసుకెళ్ళారు?"

ఆయన చేతులు తిప్పాడు, నోరు చూపించాడు, తల అడ్డంగా ఊపాడు.

"నోరు నొక్కేశారు," అంది వదిన నాతో గంభీరంగా. "ఎవరో చాలా శక్తిమంతులు ఇతని నోరు నొక్కేశారు."

ఆ శక్తిమంతురాలు తెల్లకోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. వదిన దొంగ కిటికీ ఎలా ఎక్కి ఉంటాడో చూడడానికి బయటికి వెళ్ళగానే నా దగ్గరికొచ్చి, "మీ వదినగారిని ఎలాగైనా ఆపలేరా?" అని అడిగింది.

"ఆ విద్య మా ఇంట్లో ఎవరికీ రాదండీ," అన్నాను.

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. నోరు తెరిచింది, మూసింది. అందరి నోళ్ళూ తెరిపించే మనిషి తన నోరు తెరవలేకపోవడం చూస్తే, ఆ మొక్కని ఏ దొంగా ఎత్తుకెళ్ళలేదని నాకు అనుమానం వచ్చింది. అయితే ఎక్కడికెళ్ళిందో తెలియలేదు. కిటికీ బయట నుంచి వదిన కేక వినిపించింది. ఎక్కడం వచ్చింది కానీ దిగడం రావట్లేదట.

దించి ఇంటికి తీసుకొచ్చాక వదిన అనుమానితుణ్ణి ప్రకటించింది. క్యాషియర్ బాబాయిగారు. కారణం, కట్టుడు పళ్ళు సరిచేయించుకోడానికి ఆయన వారానికోసారి క్లినిక్కుకి వెళతారు. "ఆ పళ్ళు ఎప్పుడో సరిపోయాయి. ఇంకా ఎందుకు వెళుతున్నట్టు? రెక్కీ."

బాబాయిగారు మమ్మల్ని చూడగానే, తొందరగా వెళ్ళి తన వాలుకుర్చీ మీద తనే కూర్చున్నారు. వదిన నిలబడే ప్రశ్నించింది.

"డాక్టరమ్మ క్లినిక్కు నుంచి మీరు ఎప్పుడైనా, ఏదైనా మొక్క ఇంటికి తెచ్చారా? ఆలోచించి చెప్పండి. మీరు చెప్పే ప్రతి మాటా మీకు వ్యతిరేకంగా నేను గుర్తు పెట్టుకుంటాను."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. "లేదమ్మా," అన్నారు. తర్వాత, చాలా మెల్లిగా, "నేను మీకిచ్చిన మొక్క... అదెలా ఉందమ్మా?"

"బ్రహ్మాండంగా ఉంది," అంది వదిన. డిటెక్టివులు కూడా కొన్ని నిజాలు దాస్తారు.

"అంటే, ఉందన్నమాట," అన్నారాయన. ఆ గొంతులో సంతోషం ఉందో దిగులు ఉందో నాకు అర్థం కాలేదు.

"మాట మారుస్తున్నాడు చూశావా?" అంది వదిన మెట్లెక్కుతూ. "కేసు గురించి అడిగితే ఇంకేదో మొక్క గురించి మాట్లాడుతున్నాడు. సంబంధం లేని విషయం తెచ్చేవాడే అసలు నేరస్థుడు. కానీ ఒంటరిగా చేసే పని కాదిది. ముఠా ఉంది."

ఇలా గురువారం వచ్చేసింది. టైలరక్క దుకాణంలో అట్టపెట్టెలు పేరుకుంటున్నాయి. వదిన మాత్రం ఒక్కో పూటా దుకాణం ముందు నుంచి వెళ్ళి, ఆ ఖాళీ కిటికీని దూరం నుంచి చూసి వస్తోంది. లోపలికి వెళ్ళట్లేదు. శుక్రవారం పొద్దున్న మా తలుపు కొట్టి, "ఎర వెయ్యాలి," అంది.

ఎర అంటే బట్టలుతికే మిషను వెనకున్న మూడు కర్రలు. అరుదైన విదేశీ మొక్క, బిగోనియా తల్లిమొక్క ఉండే కిటికీలోనే ఒంటరిగా కనిపిస్తే, ముఠా ఆగలేదట. ఈ రహస్య పథకాన్ని వదిన మా మొక్కల గ్రూపులో పెట్టింది. 'అతి రహస్యం. ఎవరికీ చెప్పవద్దు. ఈరోజు మధ్యాహ్నం టైలరు దుకాణం కిటికీలో విలువైన మొక్క కాపలా లేకుండా ఉంటుంది.'

"దొంగ కూడా గ్రూపులో ఉంటాడు కదా వదినా," అన్నాను.

"ఉంటేనే కదే చదివేది."

గ్రూపులో ముందుగా మా ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. ఒకావిడ ఆ మొక్క కొమ్మ ఇస్తారా అని అడిగింది. ఇంకొకాయన, ఎటూ దుకాణానికి వెళుతున్నారు కాబట్టి తన ప్యాంటు పొట్టి చెయ్యడం అయిందో లేదో కనుక్కోమన్నాడు. డాక్టరమ్మ, బాబాయిగారు ఏమీ రాయలేదు.

మధ్యాహ్నం బంగారు కాగితం చుట్టిన మూడు కర్రల్ని కిటికీలో పెట్టి, వదినా నేనూ ట్రయల్ రూములో దూరాం. రూమంటే మూలన అద్దం, ముందు రాడ్డుకి వేలాడే పరదా. ఒక మనిషి చేతులు చాపితే గోడలు తగిలే చోట ఇద్దరం, ఒక గొడుగు. టైలరక్కని భోజనానికి వెళ్ళమంటే, ఆఖరి పని ఉంది, అయ్యేదాకా లేవనంది.

"అయితే లేనట్టు ఉండండి," అంది వదిన పరదాలోంచి.

"లేనట్టు ఎలా ఉండాలమ్మా, మిషను చప్పుడు చేస్తుంది కదా," అంది టైలరక్క. అట్టపెట్టెల వెనక నుంచి మిషను చప్పుడు చేస్తూనే ఉంది.

ముందు డాక్టరమ్మ వచ్చింది. తెల్లకోటు విప్పకుండానే వచ్చింది, రోగిని కుర్చీలో వదిలేసి వచ్చినట్టుంది. "అక్కా, మీతో ఒక మాట చెప్పాలి," అంటూ లోపలికి రెండడుగులు వేసి, కిటికీలో ఉన్న నీలం రిబ్బను చూసి ఆగిపోయింది. ఇంతలో వెనక నుంచి బాబాయిగారు వచ్చారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, కుండీని చూశారు.

"బాబాయిగారూ, ఈ రిబ్బను నేను కట్టిందే కదా?" అంది డాక్టరమ్మ.

"నెమ్మదిగా అమ్మా. అందరికీ వినిపిస్తుంది," అన్నారాయన.

నాకు అంతా అర్థమైపోయింది. పరదాకి జానెడు దూరంలో నేరం మొత్తం తనంతట తనే ఒప్పుకుంటోంది. వదిన నా చెవిలో ఒకటే మాట అంది.

"ముఠా."

"వదినా, వాళ్ళేమంటున్నారో వినండి."

"మాటలు సాక్ష్యం కాదే. చెయ్యి వెయ్యనీ."

బాబాయిగారు అలవాటు కొద్దీ ఒక కర్రని రెండువేళ్ళతో పట్టుకుని వెలుగులోకి వంచారు, అసలుదా నకిలీదా చూడడానికి. అదే చెయ్యి వెయ్యడం. వదిన పరదా లోంచి పులిలా దూకింది. పులికి కాళ్ళ చుట్టూ టైలరు టేపు చుట్టుకుని ఉండదు. వదినకి చుట్టుకుని ఉంది. ఆవిడ పడుతూ పరదా పట్టుకుంది, పరదా రాడ్డుని తెచ్చింది, రాడ్డు నా గొడుగు మీదుగా సగం గది దాటి కిటికీలో కుండీని తాకింది. కుండీ నేల మీద పడి పగిలింది.

మిషను చప్పుడు ఆగింది.

బంగారు కాగితం చిరిగింది, మట్టి పెంకులు చెల్లాచెదరయ్యాయి. మధ్యలో వేళ్ళు పట్టి ఉంచిన మట్టిముద్ద మాత్రం అడుగు పైకి వచ్చేలా బోర్లా పడి ఉంది. దానికి అంటుకుని ఒక గోధుమరంగు ఓవర్‌కోటు గుండీ. సన్నటి తెల్లటి వేళ్ళు దాని నాలుగు కన్నాల్లోంచి బయటికొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి, ఎవరో ఓపిగ్గా కుట్టినట్టు గుండీని మట్టికి బిగించేశాయి.

టైలరక్క లేచి వచ్చి నేల మీద కూర్చుంది. గుండీని వేలితో తాకి చూసింది, లాగలేదు.

"ఇది నా గుండీ," అంది.

మట్టిముద్దని మెల్లిగా తిప్పి నిలబెట్టింది. మూడు కర్రల మొదట్లో, ఇన్నాళ్ళూ కాగితం చాటున ఎవరికీ కనపడని చోట, గోరంత ఆకు ఒకటి చుట్టలా ముడుచుకుని ఉంది. పైన వెండి చుక్కలు. టైలరక్క దాన్ని కొనవేలితో తిప్పింది. కింద ముదురెరుపు.

ఇక చెప్పాల్సినవాళ్ళు చెప్పారు. క్లినిక్కులో ఆ మొక్క వాడిపోతుంటే డాక్టరమ్మకి భయం వేసిందట. తన చేతిలో చచ్చిపోతే టైలరక్కకి మొహం ఎలా చూపించాలని, మొక్కల్ని బతికించే చెయ్యి అని పేరున్న బాబాయిగారికి, కొన్నానని చెప్పి, రిబ్బను కట్టి ఇచ్చింది. ఆయన చేతిలోనూ వాడింది. డాక్టరమ్మ అంత ప్రేమగా ఇచ్చింది తన చేతిలో పోతే బాగుండదని, వదిన ఫీజు అడగగానే ఆయన ఆ రిబ్బనుతోనే దాన్ని దాటించేశారు. కట్టుబాటు గుర్తొచ్చి, ఆయనా కొన్నానన్నారు. ప్రతివాళ్ళూ దాన్ని చావనివ్వకూడదనే పక్కింటికి పంపారు. వదిన ఒక్కతే దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే అమృతం పోసేది. అందుకే బతికింది.

"మమ్మల్ని ఏమైనా అనండి అక్కా," అంది డాక్టరమ్మ. "ఏమీ అనకుండా మాత్రం ఉండకండి."

"మొదట్నుంచీ," అంది వదిన నేల మీద నుంచి, నెత్తి మీద పరదాతో, "నా అనుమానం ఈ కుండీ మీదే."

ఎవరూ నవ్వలేదు. టైలరక్క మాత్రం నవ్వింది. పెద్ద కత్తెర తీసుకుని మూడు కర్రల్నీ కత్తిరించింది. ఒకటి డాక్టరమ్మకి, ఒకటి బాబాయిగారికి ఇచ్చింది. గోరంత ఆకున్న మొదలుని, గుండీతో సహా, తడిగుడ్డలో చుట్టి తన కోసం పక్కన పెట్టుకుంది. మూడో కర్ర వదిన చేతిలో పెట్టింది. డబ్బాలోంచి పాత గుండీలు వెతికి ముగ్గురికీ తలొకటి ఇచ్చింది.

"దీనికి మాత్రం అమృతం వద్దు వదినగారూ."

వదిన పరదా తీసేసి ఆవిడని చూసింది. భూతద్దం ఒడిలో బోర్లా పడి ఉంది. "మీకు తెలుసా?"

"తలుపు తియ్యగానే తెలిసింది. ఇంకా పోలేదు ఆ వాసన."

"మరి ఆరోజు డాబా మీద నన్నెందుకు అడగలేదు?"

"అప్పుడే మీరు లేచి, వెతికి పెడతానన్నారు కదా," అంది టైలరక్క. లేచి వెళ్ళి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ప్యాంటు పొట్టి చెయ్యడం ఇంకా మిగిలే ఉంది.

ఆ తర్వాతి నెల డాబా మీద కుడి బల్ల మీద మూడు కుండీలున్నాయి, ఒక్కోదానిలో ఒక్కో కర్ర, ఒక్కోదాని అడుగున ఒక్కో గుండీ. వదిన అందరి మధ్యా నిలబడి, దుష్ట ముఠాని ఎలా ఛేదించిందో మొదటి నుంచి చెప్పింది. ఆ కథలో పరదా దానంతటదే తెగింది, టేపు అసలు లేదు. క్యాషియర్ బాబాయిగారు కొత్తగా కొన్న ఇంకో మొక్కని చూపిస్తూ మధ్యమధ్యలో తలూపారు. డాక్టరమ్మ మొదటిసారి ముళ్ళు లేని మొక్క ముందు నిలబడింది.

అమృతం బాల్చీ ఇప్పుడు వదిన బాల్కనీలో బోర్లించి ఉంది. దాని మీద కూర్చుని ఆవిడ ప్రతిరోజూ పొద్దున్న ఆ కర్రని చూస్తుంది. నీళ్ళు పొయ్యదు, తిప్పదు, తాకదు. మట్టి ఎండిందో లేదో వేలు పెట్టి చూడాలనిపించినప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఇంత కష్టపడగా మేమెవ్వరమూ చూడలేదు.

నిన్న నేను పైన ఉండగానే టైలరక్క ఫోను చేసింది. వెనకాల మిషను చప్పుడు వినిపించింది. తన మొక్క రెండో ఆకు విప్పిందని, కిటికీలోనే పెట్టానని చెప్పి, మీదేం చేస్తోందని అడిగింది.

వదిన కర్ర వైపు చూసింది. అందులో మార్పేమీ లేదు.

"నేనేం చెయ్యట్లేదు," అంది.

"అలాగే కానివ్వండి," అంది టైలరక్క.